తలుపు వెనక బట్టలు

"ఆ మూట మాత్రం విప్పకండి. అలాగే పారేయండి" అంది కోడలు.

"అమ్మ బట్టలు పారేయడమేమిటి?" అన్నాడు కొడుకు. "ఎన్నాళ్లు పట్టినా సరే, శుభ్రం చేసి ఇవ్వండి పిన్నిగారూ. నాకు మిగిలినవి అవే."

ఇళ్లు కాలిన వాళ్ల బట్టలకూ చెప్పులకూ పట్టిన మసి వదిలించడమే ఆవిడ పని. అందుకే అందరికీ ఆవిడ మసి పిన్ని. మొగుడూ పెళ్లాల మాటల మధ్య తల దూర్చే అలవాటు ఆవిడకు లేదు. మూటను తన ఇంటి డాబా మీద ఎండలోకి లాగి ముడి విప్పింది.

"నీళ్లలో నానబెట్టరా?" అన్నాడు కొడుకు.

"అమ్మో! తడిస్తే మసి దారాల్లోకి దిగి కూర్చుంటుంది నాయనా. ముందు ఆరేసి దులపాలి. సోడా, సబ్బూ అన్నీ ఆ తర్వాతే."

మూటలో పైనే చెప్పులున్నాయి. పిన్ని ఒకటి తిప్పి చూసింది. పట్టీలూ అంచులూ నల్లగా ఉన్నాయి. లోపల, పాదం ఆనే చోట మాత్రం తెల్లగా ఉంది. అయిదు వేళ్లూ లెక్కపెట్టచ్చు.

"ఈ చెప్పులు ఎవరు వేసుకున్నారు?"

"ఎవరూ వేసుకోలేదండీ. మంచం కింద ఉండేవి. అమ్మ నాలుగేళ్లుగా కాలు కింద పెట్టలేదు. మంట వంటింట్లోనే ఆరిపోయింది, ఆ గదిలోకి పొగ ఒక్కటే వచ్చింది. నిద్రలోనే పోయింది. అంతవరకు అదృష్టవంతురాలు."

పిన్ని ఆ చెప్పును పక్కన పెట్టింది. కానీ మసి రాలుతున్నంతసేపూ ఆ చెప్పుల్లో పాదాలున్నాయి. ముప్ఫై ఏళ్లుగా మసితో కాపురం చేస్తున్న మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

తర్వాత బట్టలు తీసింది. పెద్దావిడ గది తలుపుకు లోపలివైపు కొక్కేలకు వేలాడినవి అవి. కరెంటు పోయిన ఆ ఇంటికి వెళ్లి, టార్చి వెలుగులో పిన్నే ఒక్కొక్కటీ దింపుకొచ్చింది. ఏ కొక్కేనిది ఏదో చీటీ కుట్టి మరీ తెచ్చుకోవడం ఆవిడ పద్ధతి. ఒక తువ్వాలు, నైటీ, దుప్పటి, కొడుకు పాత చొక్కా, ఇంకో తువ్వాలు. ఆ వరసలోనే తీగ మీద వేసి క్లిప్పులు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది.

అప్పుడు చూసింది.

అయిదు బట్టలూ నల్లగా ఉన్నాయి. వాటి మధ్య, నైటీ నుంచి దుప్పటి మీదుగా చొక్కా దాకా, తెల్లటి మనిషి ఆకారం. చిన్న తల, సన్నటి నడుము. రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు తువ్వాళ్ల మీద ఆనించి నిలబడి ఉంది.

"ఇదేమిటండీ?" అన్నాడు కొడుకు.

"పొగకు అడ్డంగా ఎవరో నిలబడ్డారు నాయనా. తలుపుకు అతుక్కుపోయి. ఒక్క నిమిషం నిలబడితే ఇంత స్పష్టంగా పడదు. చాలాసేపు నిలబడ్డారు."

"ఇంట్లో అమ్మ తప్ప ఎవరూ లేరే!"

అతను దగ్గరికి వెళ్లాడు. ఆ ఆకారం అతని భుజం దాకానే ఉంది. తన అరచేతిని ఆ తెల్లటి అరచేతి పక్కన పెట్టి చూశాడు. చిన్నది. చిటికెన వేలు వంకర.

"అమ్మే" అన్నాడు. "అమ్మ లేచింది. నడిచింది." కళ్లు తుడుచుకుని భార్య వైపు తిరిగాడు. "నువ్వొచ్చేసరికి మంచం మీద పడుకుని ఉందన్నావు కదా?"

కోడలు తీగ వైపు చూడకుండా మెట్ల వైపు తిరిగింది.

"తలుపు దాకా నడిచి వచ్చిన మనిషి, తోసుకుని బయటికి ఎందుకు రాలేదు?" అన్నాడు కొడుకు.

గాలి వీచింది. తీగ ఊగింది. తువ్వాళ్ల మీది తెల్లటి చేతులు ఒకసారి వెనక్కి వెళ్లి ముందుకొచ్చాయి. మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు. కోడలు రెండు చెవులూ మూసుకుంది.

"ఇక తలుపు కొట్టకండి అత్తయ్యా!" అని అరిచింది.

పిన్ని గబగబా వెళ్లి తీగ పట్టుకుని ఆపింది. కొడుకు భార్య చేతులు పట్టి చెవుల మీంచి కిందికి దించాడు.

"చెప్పు."

"ఆవిడ నడుస్తోందని నాకు తెలుసు" అంది కోడలు నేల చూపులు చూస్తూ. "నేను బయటికెళ్తే రోజూ ఆ గది తలుపుకు బయట గడియ పెట్టే వెళ్తానండీ. ఆ రోజు వచ్చి తలుపు తీయగానే నా మీదికి వాలిపోయింది. 'వచ్చావా తల్లీ' అంది. ఇంకా పొగ వస్తూనే ఉంది... నేనే మళ్లీ లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టి, గడియ పెట్టాను."