మూతి అరిగిన తుపాకి

తుపాకిని చంటిపిల్లలా పాత లుంగీలో చుట్టుకొచ్చి, సిరిసిల్లలో ఎర్రయ్య ఉస్తాద్ బల్ల మీద మెల్లగా పడుకోబెట్టాడు జలపతి.

"మా ఆయన తాతది ఉస్తాద్" అంది అతని భార్య సుమలత. "పులులను కొట్టి కొట్టి బ్యారెల్ అరిగిందట. కాలిస్తే గురి నిలువదట. వచ్చే నెల మొదటి సోమారం లోపు బాగుచెయ్యాలె."

ఆ జంటలో మాట్లాడే పని ఆమెది, తల ఊపే పని అతనిది.

కోరుట్ల పక్క ఊళ్లో వాళ్లది తుపాకోళ్ల ఇల్లు. తాత ఆగయ్య పులిని కొడితే, మెచ్చి దొర ఇచ్చిన తుపాకి అని చెప్పుకుంటారు. ఆ పులి ఏడాదికొకటి చొప్పున పెరిగి ఇప్పటికి పద్నాలుగైంది. తాతకు గురి ఉండేది, తండ్రికి గుర్రు ఉండేది. తాత పోయాడు, తూటా పోయింది, తూటు మిగిలింది. ఆ తూటు, దాని లైసెన్సు జలపతికి వారసత్వంగా వచ్చాయి.

జలపతి పన్నెండేళ్లు దుబాయిలో ఒక షేకు బంగ్లాలో ఉన్నాడు. వెళ్లిన కొత్తలో ఒక ఫోటో పంపాడు. నల్ల కళ్లద్దాలు, చేతిలో తుపాకి, భుజం మీద తువ్వాల. ఊరంతా ఆ ఫోటో చూసి "షేకు గన్‌మన్" అంది. మొన్న షేకు సగం మందిని ఇంటికి పంపాడు. ఆ సగంలో జలపతి పడ్డాడు. నాన్నను ఫోనులో తప్ప చూడని బిడ్డ, ఎదురుగా కూర్చున్నా "హలో డాడీ" అనే పిలుస్తోంది.

నెల తిరగకముందే మెట్‌పల్లి ఏజెంటు మహిపాల్ ఫోను. "షేకు మల్ల పిలుస్తుండు. నీ పాత పనే."

ఫోను సుమలత లాక్కుంది. "అన్నా, నీకో దండం, నీ షేకుకో దండం. కోరుట్ల బ్యాంకుల గన్‌మన్ నౌకరి పడ్డది. లైసెన్సు తుపాకి ఉన్నోళ్లకే ఇస్తరట. మా ఆయన యాడికి రాడు!"

ఒక్కటే మెలిక. వచ్చే నెల మొదటి సోమవారం జగిత్యాలలో బ్యాంకు వాళ్ల ముందు అయిదు తూటాలు కాల్చి చూపాలి.

జలపతి ఆ రోజే తుపాకి గొట్టంలోకి కన్నుపెట్టి చూశాడు. "బ్యారెల్ అరిగింది. ఇది ఇగ పనికిరాదు" అన్నాడు.

"బర్రెలు అరుగుడేందిర?" అంది తల్లి గౌరవ్వ. ఆమెకు చెవుడు. "ఉన్న ఒక్క బర్రెను పోయినేడే అమ్ముకుంటిమి!"

సుమలత వదిలే మనిషా? మరమగ్గాల ఇనుప సామాను చేసే పని నుంచి తుపాకుల రిపేరు దాకా ఎదిగిన ఎర్రయ్యను వెతికి పట్టుకుంది. అరిగిన గొట్టాన్ని విప్పేసి, కొత్త గొట్టం తొడుగుతానన్నాడు ఉస్తాద్. తొడిగాడు.

జలపతి వచ్చి చూశాడు. "లోపల మరక ఉన్నది" అన్నాడు. ఉస్తాద్ మళ్లీ తుడిచాడు. రెండోసారి వచ్చి, "జిడ్డు ఉన్నది" అన్నాడు. మూడోసారి వెలుగులో పెట్టి, వెంట్రుకంత గీత పట్టుకున్నాడు.

"నలభై ఏండ్లల్ల గిసోంటి కన్ను జూడలే తమ్మీ!" అన్నాడు ఉస్తాద్.

"పన్నెండేండ్లు గన్ పట్టినోడు మరి" అంది సుమలత, గన్ను తానే పట్టినంత గొప్పగా.

నాలుగోసారికి వంక దొరకలేదు. రేపే సోమవారం.

"నేను కాల్చి చూసిన, అయిదుకు అయిదు తగిలినయ్" అన్నాడు ఉస్తాద్. "ఎనక ఇసుక బస్తాలున్నయ్. నువ్వుగూడ ఒక్కటి కొట్టి చూస్కో."

"ఎందుకు ఉస్తాద్, తూటా దండుగ" అన్నాడు జలపతి.

ఉస్తాద్ గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట చెప్త, ఏమనుకోకుండ్రి. కాల్చి కాల్చి అరిగితే తూటా పెట్టే దిక్కు అరుగుతది. ఈ పాత గొట్టం మూతి దగ్గర అరిగింది. అంటే లోపలికి ఇనుప కడ్డీ పెట్టి తుడిచి తుడిచి అరిగినట్టు. మీ తాత పులులను కొట్టలే తమ్మీ. దొర తుపాకిని తుడిచిండు."

పద్నాలుగు పులులూ ఒక్కసారే చచ్చాయి.

సుమలత ముఖం మాడిపోయింది. జలపతి మాత్రం ఉలిక్కిపడలేదు. తప్పిపోయిన చుట్టం కనబడ్డట్టు, విప్పిన పాత గొట్టం మూతి మీద వేలితో రాస్తూ నిలబడ్డాడు.

సుమలత తేరుకుంది. "పోనీయ్! తాత కాల్వకుంటేంది, మనుమడున్నడు. గీ సంగతి ఊళ్లె ఎవలకు చెప్పకు ఉస్తాద్. నువ్వేందయ్యా గట్ల నిలవడ్డవ్? రేపు అయిదు కొట్టు, ఎల్లుండి నుంచి మన బిడ్డను నువ్వే బడికి తోలుకపో."

జలపతి తల ఊపాడు. భుజం మీది తువ్వాల తీసి, బ్యారెల్ మీద ఉస్తాద్ వేలిముద్రలు మెల్లగా తుడిచి, తుపాకిని మళ్లీ లుంగీలో చుట్టి ఆమె చేతికిచ్చాడు.

"చాయ్ చెప్పొస్త" అని బయటికి నడిచాడు.

చాయ్ బండి దాటాక ఫోను తీసి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మహిపాలన్నా, షేకు ఇంట్ల తుపాకులు తుడిచే నా పాత పని ఇంక ఖాళీగనే ఉన్నదా?"