రెండో పూత

"ముందు వీటిని తూచండి మాస్టారూ, తరవాత మాట్లాడుకుందాం," అంటూ బస్సు డ్రైవరు హాకీ గోల్‌కీపరు కాళ్లకు కట్టుకునే రెండు ప్యాడ్లను బల్ల మీద పడేశాడు. వాటిలోంచి కారిన నీళ్లు బల్ల అంచు దాకా పాకాయి.

ఆటసామాన్లు బాగుచేసే ఆ షాపాయనను అందరూ సూది మాస్టారంటారు. ఆయన ఒక ప్యాడును కాటాకు తగిలించాడు. ఉండాల్సిన దానికన్నా దాదాపు కిలో ఎక్కువ తూగింది. కాలికి కిలో బరువు కట్టి బంతికి అడ్డం దూకమంటే ఎవరు మాత్రం దూకుతారు?

"పైగుడ్డ చిరిగింది. కుట్లలోంచి నీళ్లు దిగితే లోపలి స్పాంజి తాగేసింది," అన్నాడు మాస్టారు.

"తాగదూ మరి! మ్యాచ్‌కి ముందు గ్రౌండంతా పైపులతో తడుపుతారాయె. నేను డ్యూటీలో ఉండి చూళ్లేదు గానీ, మా అమ్మాయి నిన్న ఆఖరి పావుగంటా కాళ్లీడ్చుకుంటూ ఆడిందట. రేపు సాయంత్రం చివరి సెలెక్షన్ మ్యాచ్. జట్టులోకి ఒక్క గోల్‌కీపరునే తీసుకుంటారు. మిగిలింది ఇద్దరు. మా అమ్మాయి, ఇంకో పిల్ల."

"ఊఁ."

"ఆ ఇంకో పిల్ల ప్యాడ్ల మీద నీళ్లు తామరాకు మీద బొట్లలాగా జారిపోతున్నాయట! ఏదో పూతట. వాకబు చేస్తే అది మీ షాపులోదే అన్నారు."

మాస్టారు ప్యాడును కాటా నుంచి దించాడు. "మాదే," అన్నాడు.

"అయితే మావాటికీ వేసిపెట్టండి."

"అయిపోయిందండీ."

వెనక గదిలో కుట్టుమిషను ఠక్కున ఆగింది. మాస్టారి కూతురు చిన్ని గుమ్మంలోకి వచ్చింది. "అదేంటి నాన్నా! పై అరలో సగం డబ్బా ఉందిగా?"

మాస్టారు ఆమెను కొరకొరా చూశాడు. ఆ చూపుకి వేరే ఎవరైనా అయితే నోరు మూసుకునేవాళ్లే. చిన్ని మూసుకోలేదు. స్టూలెక్కి డబ్బా దించింది.

"అది దాచిపెట్టిందే," అన్నాడు మాస్టారు. "ఆ అమ్మాయి ప్యాడ్లకి ఒక్క పూతే వేశాం. అది ఈపాటికి అరిగిపోయుంటుంది. రేపు పొద్దున రెండోది వేస్తానని మాటిచ్చాను."

"ఉన్నది సరిపోతుందిలే."

"సరిపోకపోతే?"

"ఆ అమ్మాయికి నేను చెప్పుకుంటా."

"చెప్పుకుంటావు! నీదేం పోయింది!"

డ్రైవరుకు మొహం చెల్లలేదు. తండ్రీకూతుళ్ల మధ్య పేచీ పెట్టడానికి వచ్చాడా ఆయన? "మీ మాట పోగొట్టుకోవద్దు మాస్టారూ," అన్నాడు. "కానీ ఒక్కటి. మా పిల్ల ఆట చాలక ఓడిపోతే సరే, ఇంకా నేర్చుకోమంటా. ప్యాడ్లు తడిసి ఓడిపోతే మాత్రం దాని మొహం నేను చూడలేనండీ. కొత్తవి కొనలేకపోయిన తండ్రిని కదా."

చిన్ని అప్పటికే ప్యాడ్లను చంకలో పెట్టుకుంది. "సాయంత్రం రండి బాబాయ్. ఆరాలి కదా, టైము పడుతుంది."

ఆయన వెళ్లాక ఇద్దరూ పనిలో పడ్డారు. స్పాంజిని నొక్కి నీళ్లు పిండారు. ఫ్యాను ముందు ఆరబెట్టి, చిరుగులకు మాసికలు వేసి, కుట్లకు జిగురు పట్టించారు. పూత పని చిన్నిది. ముందువైపు, పక్కలు, అంచులు. కాలికి తగిలే వైపు మాత్రం వేయలేదు. అక్కడ వేస్తే చెమట బయటికి పోదు. బూటు కిందికి వచ్చే పట్టీని కూడా వదిలేసింది, జారుతుందని.

"ఒక్క పూత చాలు. ఆపు," అన్నాడు మాస్టారు.

"ఇవి పాతవి నాన్నా. రెండు పడాలి."

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమన్నారు పెద్దలు."

"అన్నారులే," అంటూ చిన్ని డబ్బా వంచి, అడుగున మిగిలింది కూడా కుంచెతో తుడిచి తీసింది. మాస్టారుకు ఒళ్లు మండిపోయింది. ఆ డబ్బా మళ్లీ రావాలంటే నెల పడుతుంది.

సాయంత్రం డ్రైవరు వచ్చాడు. చిన్ని గ్లాసుడు నీళ్లు ప్యాడు మీద గుమ్మరించింది. నీళ్లన్నీ గుండ్రంగా దొర్లి నేల మీద పడ్డాయి.

"బతికించావు తల్లీ! నువ్వు చల్లగా ఉండాలి," అన్నాడు డ్రైవరు.

"మీ అమ్మాయిని బాగా ఆడమన్నానని చెప్పండి బాబాయ్."

మర్నాడు సాయంత్రం మాస్టారు ఒక్కడే షాపులో కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించబోయి నాలుగుసార్లు తప్పాడు. ఇచ్చిన మాట తప్పినవాడికి సూది మాత్రం ఎందుకు లొంగుతుంది?

చీకటి పడబోతుండగా డ్రైవరు పరుగులాంటి నడకతో వచ్చాడు. "జట్టులో చోటు వచ్చేసింది మాస్టారూ! మా అమ్మాయిని తీసుకున్నారు! మీ చిన్ని ఏదండీ? ముందు ఆమెకి చెప్పాలి."

"ఇంకా రాలేదు."

"ఆఖరిదాకా ప్యాడ్లు పొడిపొడిగా ఉన్నాయండీ! మీ ఋణం తీర్చుకోలేను." డ్రైవరు స్టూలు లాక్కుని కూలబడ్డాడు. ఊపిరి తీసుకున్నాక ఆయన గొంతు కాస్త తగ్గింది. "ఉన్నమాట చెప్పాలంటే, ఆటలో ఆ రెండో పిల్లే మిన్న. హెల్మెట్లో మొహం కనపడలేదు గానీ, ఏం దూకిందనుకున్నారు! చివరి పది నిమిషాల్లో ప్యాడ్లు నీళ్లు పీల్చినట్టున్నాయి. కాలు లేవలేదు. వరసగా రెండు గోల్స్ పడ్డాయి."

"అలాగా."

"అయినా మ్యాచ్ అవగానే వచ్చి మా అమ్మాయిని గట్టిగా వాటేసుకుంది. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ తల్లి కన్నబిడ్డో గానీ, పాపం!"

మాస్టారు సూదీ దారం బల్ల మీద పెట్టేశాడు.

"నా బిడ్డేనండీ."