పెళ్లిచూపుల ట్రాక్టరు

కొందామని చీపురుపల్లి నుంచి పనిగట్టుకు వచ్చిన ఎలీషా, ఆ నలభై ఏళ్ల ట్రాక్టరు ఇంజను మీద చెయ్యి వేసి, చురుక్కుమనగానే తీసేశాడు.

“ఇప్పుడే నడిపినావేటి మావా?”

“తెల్లారగట్ల రెండెకరాలు దున్నేసినాను” అన్నాడు అమ్మేవాడు అసిరయ్య.

టైర్లకు రవ్వంత మట్టి లేదు.

“అయితే సల్లారనీ. అప్పుడు స్టార్టు సేసి సూపించు” అని ఎలీషా అరుగు మీద చతికిలబడ్డాడు.

“పెళ్లిసూపులకొచ్చి పిల్లని పౌడరు కడుక్కోమన్నట్టున్నాది నీ యవ్వారం.”

“కడగనీ మావా, మొకం సూద్దాం.”

రెండు గంటలు గడిచాక అసిరయ్య గొణుక్కుంటూ తాళం తిప్పాడు. ఇంజను ముసలాయనలా దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ దగ్గింది.

ఆ దగ్గు వినగానే అసిరయ్య పెళ్లాం తవిటమ్మ వంటింట్లోంచి పొగలు కక్కే బిందెతో వచ్చి, ఎవరూ అడక్కుండానే వేడినీళ్లు ఇంజను మీద గుమ్మరించింది. మొగుడు కళ్లతో చేస్తున్న సైగలు ఆమె చూస్తేగా.

“రోజూ ఇంతేనా అత్తా?” అన్నాడు ఎలీషా.

“రోజూనూ బాబూ. పొయ్యి మీద బిందె దీనికే. మీ మావకీ నాకూ సన్నీళ్ల తానమే. నువ్వు దీన్ని తోలుకుపోతే, రేపట్నించి మేం ఏడినీళ్లు పోసుకుంటాం.”