రెండో తరగతి పిల్ల

రైలు కదిలిపోయింది. బట్టల సంచీతో స్వర్ణ ప్లాట్‌ఫాం మీద ఉంది. కూతురు షాలిని మాత్రం రైల్లోనే ఉండిపోయింది.

"ఆపండ్రా! నా పిల్ల ఉండిపోనాదిరా!"

షాలిని కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి అడ్డంగా ఊపుతోంది. ఏదో అరుస్తోంది. చక్రాల మోతలో 'అమ్మా' అన్న ఒక్క మాటే స్వర్ణ చెవిన పడింది. పెట్టె పక్కనే పరిగెత్తింది. చెప్పు తెగి, బోర్లా పడబోయి, స్తంభం పట్టుకుని ఆగింది. తలెత్తేసరికి ఆఖరి పెట్టె కూడా మలుపు తిరిగిపోయింది.

తప్పంతా తనదే. కొత్తవలస వచ్చేదాకా పిల్ల చెయ్యి వదలకూడదని విజయనగరంలో ఎక్కినప్పుడే అనుకుంది. పెట్టెలో సగంమంది ఒక్కసారిగా లేచి గుమ్మం వైపు తోసుకోగానే, ఊరు వచ్చేసిందని "దిగే, బేగి దిగే" అంటూ తనూ లేచింది. వెనకవాళ్ళ తోపుడికి కిందికొచ్చి పడింది. పిల్ల చెయ్యి ఎక్కడ జారిపోయిందో!

నేరేడుపళ్ళు అమ్ముకునే జగ్గమ్మ గంప వదిలేసి దగ్గరికొచ్చింది.

"ఎంత పిల్లమ్మా?"

"ఏడేళ్ళు. రెండో తరగతి."

"పక్కన మీవోల్లు ఎవులైనా ఉన్నారేటి?"

"ఎవులూ నేరు. ఎదర సీట్లో ఒకడు కూకున్నాడు. దానికి బిస్కట్లిచ్చినాడు."

జగ్గమ్మ మొహం మారిపోయింది. "బిస్కట్లా? అమ్మో! పిల్లల్నెత్తుకుపోయేవోల్లు అలాగే ఇస్తన్నారట. మా మనవడు ఫోన్లో సూపించినాడు."

ఆ వేసవంతా జనం ఫోన్లలో అవే వీడియోలు. ఎవరి నోట విన్నా అవే మాటలు. స్వర్ణ అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఆ మనిషి ఒళ్ళో పెద్ద సంచీ, వచ్చేపోయేవాళ్ళను చూసే చూపు, "నీ పేరేటి పాపా?" అని మళ్ళీ మళ్ళీ అడగడం, అప్పుడు పట్టించుకోనివన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే వచ్చి గుండెల్లో గుచ్చుకున్నాయి.

"ఏడుస్తూ కూకుంటావేటి? ఆ గదిలో మాస్టరుంటాడు. నడు!" అంటూ జగ్గమ్మ రెక్క పట్టుకుని లేవదీసింది.

స్టేషన్ మాస్టరు ఆమె చెప్పింది మొత్తం విననే లేదు. "ముందు పిల్ల పేరు చెప్పు."

"షాలిని సార్."

"ఏ బట్టలు వేసుకుంది?"

"నీలం గౌను. బడికేసుకెళ్ళే గౌనే సార్. మంచిది ఇంకోటి నేదు."

"ఫోన్ నంబరేమైనా చెప్పగలదా?"

"నాకు ఫోనే నేదు సార్. ఉన్నది మాయన కాడే. సాలూరు లారీ మీద ఒరిస్సా పోనాడు."

"పోనీ, ఊరి పేరూ అదీ చెప్పుకుంటుందా?"

"ఏటి సెప్తాది సార్, పసిది! పాటలు పాడతాది, బొమ్మలకి రంగులేస్తాది. అంతే."

మాస్టరు ఫోనెత్తి హిందీ, ఇంగ్లీషు కలిపి గబగబా ఏదో చెప్పి పెట్టేశాడు. "తర్వాతి స్టేషన్లో పెట్టెలన్నీ వెతుకుతారు. నువ్వలా కూర్చో."

స్వర్ణ గోడవారగా నేల మీద చతికిలబడింది. ఆ గౌను అన్నేసి మంది కాళ్ళ మధ్య ఎవరికి కనబడుతుంది? ఆ సంచీవాడు నోరు నొక్కేసి దింపేసుకుపోతే? లేదంటే పిల్లే భయపడి కదిలే రైల్లోంచి దూకేస్తే? ఆ ఆలోచనకే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కొత్తవలసలో ఆడపడుచు లీలారాణికి పసిబిడ్డ. ఆమె పనికి పోతే బిడ్డను చూసుకునే దిక్కులేదు. షాలినిని పంపితే మూడు పూటలా అన్నం పెట్టి తనే పెంచుకుంటానంది. బడులు తెరిచిన వారంలోనే అనూరాధ టీచరు ఇంటికొచ్చి మరీ బతిమాలింది.

"ఇప్పుడు మాన్పించకు స్వర్ణా. ఇప్పుడే దానికి చదువు రుచి తెలుస్తోంది."

"ఉయ్యాల ఊపడానికి అచ్చరాలెందుకు టీచరమ్మా?" అని నోరు మూయించింది తను.

కన్నపిల్లను ఇంకొకరింటికి అప్పజెప్పడానికి బయల్దేరింది. దారిలోనే ఇంకెవరో అందుకున్నారు.

"ప్రభువా, నా పిల్లని నాకిచ్చీ. గంజి తాగైనా బడికంపుతాను. ఇచ్చీ ప్రభువా..."

ఫోను మోగింది.

మాస్టరు విన్నాడు. చాలాసేపు విన్నాడు. మధ్యలో ఒకసారి స్వర్ణ వైపు చూసి చప్పున చూపు తిప్పుకున్నాడు. ఆ చూపుకే ఆమె ప్రాణం సగం పోయింది.

"నీ పేరు స్వర్ణేనా?"

"అవును సార్."

"ఆకుపచ్చ చీర. పసుపు సంచీ." ఎవరో చెబుతుంటే సరిచూసుకుంటున్నట్టు ఆమెను కిందికీ పైకీ చూశాడు.

స్వర్ణ గోడ పట్టుకుని లేచింది. "నా సీరెందుకు సార్? నా పిల్లకేటయ్యింది? బతికే ఉన్నాదా?"

ఆయన ఫోను ఆమె చేతికిచ్చాడు. చెవి దగ్గర పెట్టుకుంది.

అవతల షాలిని ఎవరితోనో మాట్లాడుతోంది. ఏడుపు లేదు. టీచరు ముందు నిలబడి పాఠం ఒప్పజెబుతున్నట్టుంది గొంతు.

"కొత్తవలస అని బోర్డు సదివే దిగినాను సార్."

అవతలి మనిషి ఏదో అడిగాడు.

"తప్పిపోనాది నాను కాదు సార్, మాయమ్మ."