కూడలిలో దొరికిన పాప

చీపురు పట్టుకుని రుకినా కూడలికి వచ్చేసరికి పాప అప్పటికే చెత్తలో పడి ఉంది.

వెదురు చేట. అందులో వాడిన క్యాబేజీ ఆకులు, ఉల్లికాడల తుక్కు. వాటి మీద పాత గుడ్డలో చుట్టిన పన్నెండు రోజుల పసిగుడ్డు. తెల్లవారింది కానీ మంచు ఇంకా విడలేదు. ఎదురుగా మెరాపి అగ్నికొండ నోట్లోంచి సన్నగా పొగ లేస్తోంది.

దారికి అవతల ఊరంతా దుప్పట్లు కప్పుకుని నిలబడింది. అందరికీ తెలిసిన తంతే. సురత్మికి ముగ్గురు పుట్టారు, ఒక్కరూ దక్కలేదు. ఈసారి కాన్పుకని కొండ దిగి వెళ్ళి, పాపతో తిరిగొచ్చింది. ఈసారైనా దక్కాలంటే బిడ్డను కూడలిలో పారేయాలి, పరాయి మనిషి ఏరుకోవాలి, ఆ మనిషి దగ్గర మళ్ళీ కొనుక్కోవాలి. అప్పుడు చావు తికమకపడి ఆ గడప తొక్కకుండా పోతుంది. ఇదీ కర్సో తాత మాట. ఊళ్ళో ఇలాంటివన్నీ ఆయన చెప్పినట్టే జరుగుతాయి.

ఇంకో కట్టడి కూడా ఉంది. ఏరుకున్న మనిషి తన నోటితో "తీసుకో" అనేదాకా బిడ్డ ఏరుకున్నవాళ్ళదే.

"చూస్తావేమే రుకినా, ఊడువు!" తుమీనా కేకేసింది. "బిడ్డ మంచులో బిగుసుకుపోతోంది."

"నలుగుర్ని కన్న తుమీనా ఉండగా ఈ ఒంటిగత్తెకు అప్పగించారేమిటో!" కర్సో తాత గొణిగాడు.

సురత్మి పట్టుబట్టింది మరి. రుకినా అక్కే ఏరుకోవాలి, లేకపోతే తంతే వద్దంది.

రుకినా ఊడ్చింది. వంగినప్పుడల్లా నడుము కలుక్కుమంది. చేట దగ్గర ఆగింది. ఇక్కడ ఒక మాట అనాలి, అందరికీ వినపడేలా. పాప గుడ్డకు అంటిన ఆకు ఒకటి తీసి పక్కన పెట్టింది.

"'ఎవరి బిడ్డో పాపం' అనాలే మొద్దూ!" తుమీనా అందించింది. జనం నవ్వారు.

"ఎవరి బిడ్డో పాపం," అంది రుకినా.

పాపను ఎత్తి శాలువాలోకి తీసుకుంది. అప్పటిదాకా గిలగిలలాడుతున్న పాప ఆమె మెడ దగ్గర మొహం పెట్టి ఠక్కున సద్దుమణిగింది.

మొగుడు పోయి మూడేళ్ళు. అప్పటినుంచి ఆ ఇంట్లో రెండో కంచం కడిగింది లేదు. ఒకపూట వండిన మొక్కజొన్న అన్నం రెండు రోజులు తినేది. పొగాకు కొనే వర్తకుడు వస్తే కాసేపు మాటలైనా ఉండేవి, ఈ ఏడు అతనూ కొండెక్కలేదు. లవంగాలు కోయడానికని నాలుగు నెలలు కొండ దిగి వెళ్ళింది. పోయినవారం తిరిగొస్తే, "ఊళ్ళో లేవా ఏమిటి?" అన్నారు సగం మంది.

సురత్మి, మొగుడు తుగిమాన్ ముందుకు వచ్చారు.

"అక్కా, నీకు దొరికిన పాపను మాకు అమ్ముతావా?"

"అమ్మను."

జనం చప్పట్లు కొట్టారు. మూడుసార్లు కాదనడం ఈ ఊరి ఆనవాయితీ.

"ఎందుకమ్మవు?" అన్నాడు తుగిమాన్.

"ముక్కు బాగుంది."

"మా మేకనిస్తాం, తీసుకో."

"అమ్మను. ఆ మేక అరుపుకే తెల్లారకముందే లేచి కూర్చుంటున్నా. మీరే ఉంచుకోండి."

ముసలాళ్ళు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు.

"పోనీ మేకపిల్లను కూడా కలుపుతాం."

"అమ్మను."

మూడూ అయ్యాయి. తుగిమాన్ ఐదు వందల రూపియా బిళ్ళ తీసి చాచాడు. ఇక తీసుకో అనడమే తరువాయి.

"అమ్మను," అంది రుకినా.

నవ్వులు ఆగిపోయాయి.

"నాలుగోసారి అయింది, రుకినా," అన్నాడు కర్సో తాత.

"తెలుసు తాతా."

సురత్మి మొహం పాలిపోయింది. దగ్గరకొచ్చి, ఎవరికీ వినపడకుండా అంది. "అక్కా, మాటిచ్చావు."

"ఇచ్చాను."

"ఉయ్యాల కట్టేశానక్కా. ఖాళీ ఉయ్యాల మళ్ళీ విప్పమంటే నావల్ల కాదు."

రుకినా పాప నెత్తి మీద గడ్డం ఆనించింది. ఒక్క మాట అనకుండా ఉంటే చాలు. కట్టడి కట్టడే. తాత కూడా లాక్కోలేడు. తన ఇల్లు కూడలికి ఇరవై అడుగుల దూరం, తలుపు తీసే ఉంది.

అడుగు వెనక్కి వేసింది.

"ఓసి దీని వేషాలో!" తుమీనా గట్టిగా నవ్వింది. "పట్టుకుపోతావా ఏం? రేపు అది పెద్దదై అయ్య ఎవరే అంటే ఎవర్ని చూపిస్తావు, మెరాపి కొండనా?"

ఊరు ఊరంతా గొల్లుమంది. కర్సో తాత కూడా కర్ర నేలకేసి కొట్టి మరీ నవ్వాడు.

రుకినా ఆ నవ్వే మొహాలన్నిటినీ చూసింది. ఒక్కొక్కటే. తర్వాత పాప మొహం చూసింది.

శాలువా విప్పింది.

"తీసుకో," అంది.

సురత్మి పాపను అందుకుని ఏడ్చేసింది. తుగిమాన్ బిళ్ళను రుకినా అరచేతిలో పెట్టి, ఆమె కళ్ళలోకి చూడకుండా వెనుదిరిగాడు. కబుర్లతో, కేకలతో జనం వాళ్ళ వెంట కదిలారు. సురత్మి ఇంట్లో వేడివేడి అన్నం, కోడికూర సిద్ధంగా ఉన్నాయి.

"రావే, నువ్వు లేకుండా భోజనాలేమిటి!" తుమీనా పిలిచింది. "భలే రక్తి కట్టించావు. నిజంగా ఇవ్వవేమో అనుకున్నా."

"చెత్త ఎత్తేసి వస్తా, మీరు పదండి."

కూడలి ఖాళీ అయింది. రుకినా చేట తిరగేసి ఆకులు దులిపింది.

మలుపు అవతల పాప గుక్కపట్టి ఏడ్చింది. రుకినా ఇంట్లోకి పరుగెత్తి గడియ పెట్టుకునేలోగానే, పన్నెండు రోజుల కిందట తననెవరూ ఎరగని ఊళ్ళో తాను కన్న ఆ బిడ్డ కోసం రొమ్ములు చేపి, రవిక తడిసి ముద్దయింది.