ఇల్లు చదవని బొమ్మ

ఈ రోజుల్లో ప్రతి ఇల్లూ తనలో ఏముందో చూపులేనివాళ్ళ చెవిలో చదివి వినిపిస్తుంది. ఏది ముందు చదవాలో, ఏది తర్వాతో అమర్చడం వసుంధర ఉద్యోగం. తెనాలిలో సువార్తమ్మగారింట్లో పొయ్యి, మందులు, మంచినీళ్ళు చదివే వరసలో ముందు పెట్టింది. అవసరంలేని వాటికి ‘అలంకారం’ అని గుర్తు పెడితే ఇల్లు వాటిని దాటేస్తుంది.

సువార్తమ్మ ఇల్లంతా తిరుగుతూ విన్నది.

“అమ్మాయ్, హాల్లో మా ఆయన గీసిన నా బొమ్మ ఉండాలే. పలకలేదేం?”

వసుంధర నాలిక్కరుచుకుని, బొమ్మకి తను పెట్టిన ఆ గుర్తు తీసేసింది. “తప్పయిందండీ. ఏమని రాయమంటారు?”

“నాకేం తెలుసు? నా చూపు పోయాక గీశాడు. నువ్వే చూసి చెప్పు.”

వసుంధర అప్పుడు బొమ్మ దగ్గరికెళ్ళి నిలబడింది. “చేటలో బియ్యం ఏరుతూ నవ్వుతున్నారండీ.”

“మరి నా కళ్ళు?”

“గీసే మనిషినే చూస్తున్నాయండీ.”

సువార్తమ్మ గోడ తడుముకుంటూ బొమ్మ దగ్గరికొచ్చింది.

“అయితే దాన్నే ముందు పెట్టు. పొయ్యి ఎక్కడికీ పోదులే.”