వెలివేసిన కల

“కలల్ని బొమ్మలుగా వేసే ఆ సర్రియలిస్టులతో నాకే సంబంధమూ లేదని రాసుకో అమ్మాయ్!” అంటూ కుంచె విసిరికొట్టాడు ముసలి ఎల్విన్. వచ్చే వారం న్యూయార్క్‌లో అతని బొమ్మల ప్రదర్శన. దాని గురించి వ్యాసం రాయడానికి వచ్చింది హారియెట్.

“మరి వాళ్ల పేరెత్తితే అంత మంటెందుకండీ?”

“వెలేశారు కాబట్టి!”

“వాళ్లలో లేనివాణ్ణి ఎలా వెలేస్తారు?”

ముసలాయన నాలిక్కరుచుకున్నాడు.

“రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పారిస్ నుంచొచ్చి ఇక్కడ తిష్ఠ వేశారుగా! వాళ్ల సభలో కూర్చున్న ప్రతివాడూ రాత్రొచ్చిన కల చెప్పాలి. ఒకడికి రెక్కల గుర్రం, ఇంకొకడికి కళ్లున్న పియానో. నా వంతొచ్చింది. పెనం మీద గుడ్డు కొట్టి వేశాను, పచ్చసొన చెదరలేదు అన్నా. ‘తర్వాత?’ అన్నారు. తిన్నా అన్నా. చేతులెత్తి ఓటేసి మరీ గెంటేశారు వెధవలు!”

హారియెట్ పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే వెనక్కి తిరిగింది. గోడంత కాన్వాసు. అంతా తెలుపు, నడుమ గుండ్రంగా ఒక్క పసుప్పచ్చ మచ్చ. ఏ అర్థమూ లేని శుద్ధ చిత్రమని విమర్శకులంతా ఏళ్ల తరబడి దండాలు పెడుతున్న బొమ్మ.

ఆమె నవ్వు ఆగిపోయింది. “ఇది... అదేనా?”

ఎల్విన్ గబగబా వెళ్లి తలుపు గడియ పెట్టాడు.

“నోర్ముయ్ తల్లీ! తెలిస్తే ఈసారి ఈ విమర్శకులు వెలేస్తారు.”